నడకలో చావు లేదు

కాటుకబయలుకు ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ మొహమాటపడకుండా పెట్టారు. ఎటు చూసినా నల్లమట్టి, మాడిన రాయి. భూమి పుట్టిన కొత్తలో ఇక్కడొక కొండ పగిలి, కడుపులోని నిప్పంతా కక్కుకుని చల్లారిందట. ఆ తరువాత ఇక్కడ చెట్టు మొలవలేదు, పిట్ట గూడు కట్టలేదు, మేఘం పొరపాటున కూడా ఇటు తొంగిచూడలేదు. పగలు సగం గడిచేసరికి పడమట దుమ్ము లేచి ఆకాశాన్నీ నేలనూ ఒకే రంగులో ముంచేస్తుంది. అందులో చిక్కినవాడు తన చెయ్యి తనే వెతుక్కోవాలి.

ఆ బయలు మీద తురగనరుల మంద నడుస్తోంది.

నడుము వరకు మనుషులు, నడుము దిగువన గుర్రాలు. మగవాళ్ళ జూలు నడినెత్తిన మొదలై వెన్నంతా పరుచుకుని తోక మొదట్లో ముగుస్తుంది. ఆడవాళ్ళు ఆ జూలును పాయలు తీసి, పాయపాయకూ గవ్వలు గుచ్చి, రాగి మువ్వలు కట్టుకుంటారు. గోధుమవన్నె వాళ్ళు, తెల్లమచ్చల వాళ్ళు, నేరేడుపండు రంగు వాళ్ళు, తోమిన కంచులా మెరిసే వాళ్ళు. అందరి వీపుల మీదా గొంగళి గుడారాలు, తోలు తిత్తులు, వంటకుండలు, ఎండుగడ్డి మోపులు. నిన్నగాక మొన్న పుట్టిన పసివాళ్ళు కూడా పుల్లల్లాంటి కాళ్ళతో తడబడుతూ తల్లుల పొట్టల నీడన నడుస్తున్నారు. వీళ్ళకు ఊరు లేదు. మీదే ఊరని అడిగితే నడుస్తున్న దారి పేరు చెబుతారు. ఏటా ఎండలు ముదిరి దక్షిణాన మేత అయిపోగానే నడక ఎత్తి, ఈ బయలు దాటి, ఉత్తరాన ఉన్న పచ్చికసీమకు చేరుకుంటారు.

ఆ మందకు ఎదురుగా ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు.

అతను సౌగంధికపురం యువరాజు తరుణకేతుడు. యువరాజని చెప్పుకోవడానికి ఆనవాలేమీ మిగల్లేదు. బట్టలు పీలికలయ్యాయి, చెంప మీద రక్తం ఎండింది, భుజాన తనది కాని మూట ఒకటి వేలాడుతోంది. అక్క హంసావళిని ఎత్తుకుపోయి ఇనపకోటలో బంధించిన మాయావి ఘూకాక్షుణ్ణి వెతుక్కుంటూ ఇల్లు వదిలాడు. ఇనపకోట ఈ బయలుకు ఆవల ఎక్కడో ఉందని తప్ప లోకానికి మరేమీ తెలియదు. బయలు దాటడం తెలిసింది తురగనరులకే కాబట్టి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మందతో కలిశాడు. తెల్లవారగానే నీటిజాడ చూడడానికి మంద దారికాపు గాడుపుతో కలిసి ముందుకు వెళ్ళాడు. ఇద్దరు వెళ్ళారు, ఒక్కడు తిరిగి వస్తున్నాడు.

మంద నాయకురాలు జూలమ్మ గాడుపుకు తల్లి. నేరేడువన్నె ఒళ్ళు, నెరిసిన జూలు, మగవాళ్ళు కూడా తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తు. యువరాజు రొప్పుతూ ఆమె ముందు నిలబడి నోరు తెరిచాడు.

"అమ్మా! గాడుపు..."

పక్కనుంచి ఎవరో ఒక్క దూకు దూకి అరచేత్తో అతని నోరు మూశారు. పిలుపరి రేచయ్య. ప్రతి వాగూ ప్రతి కనుమా దాటేటప్పుడు మందలోని పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచి, పలుకు విని, ఎవరూ తప్పిపోలేదని తేల్చే ముసలివాడు.

"నోరు జాగ్రత్త, రాచబిడ్డా! నడకలో చావు లేదు. ఆ మాట గొంతులోనే మింగేయ్."

అది గిట్టలవాళ్ళ కట్టుబాటు. నడక ఎత్తింది మొదలు పచ్చికసీమలో గడ్డి మీద గిట్ట ఆనేదాకా మందలో ఎవరూ చావరు. ఊపిరి ఆగినవాడి మూటను దగ్గరివాళ్ళు వీపున కట్టుకుంటారు. వాడి పేరు పిలిచినప్పుడు వాళ్ళే "నడుస్తాండాడు" అని పలుకుతారు. వాడు నడిచే జాగా వదిలి నడుస్తారు, వాడి వాటా గంజి వాడి గిన్నెలో పోస్తారు. ఏడుపంతా దాచుకుని గడ్డి మీదికి చేరాకే ఏడుస్తారు. మనకు ఇది రాతిగుండె అనిపించవచ్చు. పసివాళ్ళూ పండుముసలివాళ్ళూ ఉన్న మంద ఆ బయలు నడిమధ్య కూలబడి ఏడుపు మొదలుపెడితే మళ్ళీ ఎంతమంది లేస్తారో ఆలోచిస్తే అలా అనిపించదు.

జూలమ్మ చెయ్యి చాచింది. యువరాజు మూట అందించాడు. ఆమె దాన్ని ముక్కుకు ఆనించుకుని వాసన చూసి, తన మూట పక్కన బిగించి కట్టుకుంది. తరువాత ఎడమ పక్కన ఒక గుర్రం పట్టేంత జాగా వదిలి, అడుగు ముందుకు వేసింది. మంద ఆమె వెనక కదిలింది.

తరుణకేతుడు మాత్రం ఆ పొద్దంతా తనలో తాను ఉడికిపోయాడు. దిబ్బ చాటు నుంచి వచ్చిన ఇనపబాణం అతనికి గురిపెట్టినది. గాడుపు అడ్డం తిరిగి దాన్ని తన పక్కటెముకల్లోకి తీసుకున్నాడు. "మా అమ్మను గడ్డి మీదికి చేర్చు. మందను విడిచిపెట్టొద్దు," అన్నాడు. యువరాజు కళ్ళు తుడుచుకోబోతే, "ఏడవగాకు, మనం నడకలో ఉండాము," అని కసిరి కన్నుమూశాడు. తరుణకేతుడు ఒట్టు పెట్టుకుని, చేతులు పగిలేలా రాళ్ళు మోసి, ఆ పెద్ద ఒంటిని కప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దెక్కాక ముందున్న నల్లదిబ్బ మీద ఒక ఆకారం కనిపించింది. కంచువన్నె ఒళ్ళు, వెడల్పాటి ఛాతీ, ఎడమ చెవికి రాగి పోగు. తాపీగా దిబ్బ దిగి వచ్చి, జూలమ్మ ఎడమ పక్కన ఆమె వదిలిన జాగాలో చేరి, మందతో పాటు నడవసాగింది.

"అమ్మా, ఆకలైతాండాది," అన్నాడు గాడుపు.

తరుణకేతుడు రెండడుగులు వెనక్కి వేశాడు. మిగతావాళ్ళు ఎవరూ కేక పెట్టలేదు, ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఎలా తగ్గుతారు? గాడుపు చచ్చాడని ఎవరూ అనలేదు కదా! నిన్న కూడా అతను నడుస్తూనే ఉన్నాడు, గంజి కూడా పోశారు. చావనివాడు కనబడితే ఆశ్చర్యపోవడం కట్టుబాటు తప్పడమే అవుతుంది. ఒకరిద్దరు ముసలమ్మలు మాత్రం, "దావ తీసుకునింది దావే ఇచ్చింది," అని గొణుక్కుని దారికి చేతులెత్తి మొక్కారు.

జూలమ్మ కుండలోంచి గంజి పోసి ఇచ్చింది.

గాడుపు గంజి తాగి, మూతి తుడుచుకుని, దారికాపు హోదాలో చెప్పాడు. "ఏటా మాదిరి బోడిమిట్ట ఎక్కొద్దు. మిట్ట మీద ఈసారి చుక్క నీళ్ళు లేవు, పసోళ్ళు రాలిపోతారు. కత్తెర కనుమలో ఊట చూసి వచ్చినాను. కనుమలోంచి పోదాము."

దారి విషయంలో దారికాపు మాటే మాట. మంద తూర్పుకు మళ్ళింది.

యువరాజు వెనకబడి నడుస్తూ ఆ కంచువన్నె వీపునే చూస్తున్నాడు. గాడుపు మాటిమాటికీ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఏటా ఈ బయలు దాటేవాడికి ఎండ కొత్తా? అప్పుడు తరుణకేతుడికి తన ఊరి ఆచారం ఒకటి గుర్తుకొచ్చింది. సౌగంధికపురంలో దిక్కులేని బిచ్చగాడు పోయినా వీధి వీధంతా బయటికొచ్చి గుండెలు బాదుకుని ఏడుస్తుంది. ఆ బిచ్చగాడి మీద ప్రేమతో కాదు. ఎవరూ ఏడవని శవం కనబడితే, ఎండ చూడలేని గుడ్లగూబ కళ్ళ ఘూకాక్షుడు ఆ రూపాన్ని చొక్కాలా తొడుక్కుంటాడు. తనవాళ్ళు నోరారా ఏడ్చిన మనిషి రూపం మాత్రం వాడి ఒంటికి పట్టదు, తొడుక్కున్నది కూడా ఊడిపోతుంది.

ఈ మందలోనైతే ఎవరూ ఏడవరు! గడ్డి చేరేదాకా ఎంతమంది పోయినా అన్ని రూపాలూ వాడివే. ఇంతకంటే మంచి బట్టలకొట్టు వాడికి ఎక్కడ దొరుకుతుంది?

యువరాజు పరుగున వెళ్ళి రేచయ్యను పక్కకు లాగాడు. "తాతా, నా మాట విను. ఆ నడిచేది గాడుపు కాదు. నా చేతులతో నేనే..."

మాట పూర్తి కాలేదు. ముసలివాడి ముందరికాలు లేచి అతని రొమ్ము మీద దిగింది. తరుణకేతుడు వెల్లకిలా పడ్డాడు.

"ఇంకొక్క మాటంటే కండ్లకు గుడ్డ కట్టి దుమ్ములోకి తోలేస్తాను. అతిథివని ఊరుకుంటాండా," అన్నాడు రేచయ్య. అతని కళ్ళలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

రొమ్ము పట్టుకుని లేచి, ఈసారి జూలమ్మ దగ్గరికే వెళ్ళాడు. గాడుపు దారి చూడడానికి ముందుకు పోయిన అదును చూసుకున్నాడు.

"అమ్మా, కొడుకు తిరిగొచ్చాడు కదా. అతని మూట ఇంకా మీ వీపునే ఎందుకుంది?"

జూలమ్మ మూట ముడి బిగించింది.

"నా కొడుకు పుట్టుకతోనే కుడి ముందరికాలు ఈడుస్తాడు, నాయనా. అట్ల ఈడుస్తానే మందకంతా ముందుండేటోడు. వీడు ఈడవడంలేదు. దిబ్బ దిగి తొలి అడుగు వేసినప్పుడే నాకు తెలిసిపాయె."

"తెలిసీ..."

"దావ వాని కాలు బాగుచేసి పంపించిందేమో అనుకునినా. నన్ను అట్లనే అనుకోనీ. గడ్డి దాకా అనుకోనీ. నీకేం పోయింది?"

యువరాజు ఆమె పక్కన నడుస్తూ, గొంతు తగ్గించి, ఘూకాక్షుడి సంగతీ తన ఊరి ఏడుపుల సంగతీ అంతా చెప్పాడు. గాడుపు దేనికి గురై పడ్డాడో మాత్రం నోటితో అనకుండా, దాచి తెచ్చిన ఇనపబాణం ములికిని ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఏడిస్తే వాడు బయటపడతాడంటావు."

"పడతాడమ్మా. కానీ ఏడవాల్సింది నేను కాదు. రాళ్ళు పేర్చేటప్పుడు నేను లోలోపల ఏడ్చాను, అయినా ఆ రూపం వాడి ఒంటికి పట్టింది. కడుపున కన్నవాళ్ళు ఏడవాలి."

"దావలో ఏడిస్తే నడక తెగిపోతాది. నడక తెంపినోళ్ళ పేరు మళ్ళా ఎవురూ పిలవరు. మంద పోతాది, వాళ్ళు ఆన్నే నిలబడిపోవాల." ఆమె ఆగి ఊపిరి పీల్చుకుంది. "దానికి కాదు నా బాధ. ముసలిదాన్ని, యాడైనా నిలబడతా. ఒకమారు ఏడిస్తే ఆ గొంతు మళ్ళా వినపడదు గదా, నాయనా. 'అమ్మా, ఆకలైతాండాది' అనె చూడు. అచ్చం వాని మాదిరే అనె."

ముందునుంచి గాడుపు వెనక్కి చూశాడు. ఎండలో అతని కళ్ళు మరీ చిన్నవయ్యాయి. జూలమ్మ ములికిని బొడ్డులో దోపుకుని అడుగు వేగం పెంచింది. యువరాజుకు మళ్ళీ ఆమెతో మాట్లాడే వీలు దొరకలేదు.

కత్తెర కనుమ నిజంగా కత్తెరలాంటిదే. రెండు నల్లకొండలు ఒకదాని మీదికి ఒకటి వాలి, మధ్యన నలుగురు పక్కపక్కన నడిచేంత సందు వదిలాయి. సందు ముందర ఎండిపోయిన వాగు. లోపల నుంచి చల్లటి గాలి వస్తోంది. ఆ గాలిలో నీటివాసన లేదు, కొలిమి వాసన ఉంది. వాగు ఇసుకలో ఒకచోట గిట్ట ముద్ర కనిపిస్తే తరుణకేతుడు వంగి చూశాడు. ముద్ర చుట్టూ నాడా అంచు, నాడాలో మేకుల గుర్తులు.

అంతా అర్థమైంది. ఘూకాక్షుడి రాతిరథం సంగతి చిన్నప్పుడు దాదులు చెప్పి భయపెట్టేవారు. దాన్ని లాగడానికి మామూలు గుర్రాల బలం చాలదు. తురగనరులను పట్టి మంత్రించిన నాడాలు కొడతాడు. ఒక్కొక్క నాడా దిగేకొద్దీ మాట పోతుంది, తలపు పోతుంది. నాలుగో నాడాతో మనిషి ముఖంలో పశువు చూపు మిగులుతుంది.

"ఇదిగో చూడండి! ఈ కనుమలో..."

"బేరగాళ్ళ గుర్రాలు పోయుంటాయిలే," అన్నాడు గాడుపు తేలిగ్గా. "పిలుపు కానీ తాతా, పసోళ్ళకు దప్పికైతాండాది."

వాగు దాటబోయే ముందు పిలుపు తప్పదు. రేచయ్య రాయి ఎక్కి, గొంతు సవరించుకుని, ఒక్కొక్క పేరే పిలవసాగాడు. బతికున్నవాళ్ళు గిట్ట నేలకు కొట్టి "నడుస్తాండా" అంటున్నారు. ఈ నడకలో రాలిన ఒకరిద్దరి పేర్లకు వాళ్ళవాళ్ళు "నడుస్తాండాడు" అని పలికారు. అప్పుడొచ్చింది ఆ పేరు.

"గాడుపు!"

"నడుస్తాండా," అన్నాడు గాడుపు ధీమాగా.

"లేదు!" తరుణకేతుడు ఒక్క గంతులో వాగు మధ్యకు దూకి చేతులు చాచాడు. "గాడుపు చచ్చిపోయాడు! నా కోసం వచ్చిన బాణానికి అడ్డుపడి చచ్చిపోయాడు! వీడు ఘూకాక్షుడు. ఒక్కరు కూడా ఈ సందులోకి అడుగు పెట్టొద్దు!"

మంద మొత్తం ఒక్కసారి వెనకకాళ్ళ మీద లేచింది. పసివాళ్ళు బెదిరి తల్లుల కింద దూరారు. నలుగురు మగవాళ్ళు ముందుకు దూకి యువరాజును పగ్గాలతో కట్టి ఇసుకలో పడేశారు. రేచయ్య కళ్ళు మూసుకుని చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

"నడకలో చావు పేరెత్తినాడు. ఇంకా చూస్తారేంది? తొక్కేయండి," అన్నాడు గాడుపు.

ఒక గిట్ట యువరాజు తల మీదికి లేచింది. "ఆగండి," అంది జూలమ్మ. లేచిన గిట్ట అలాగే ఆగిపోయింది.

ఆమె యువరాజు దగ్గరికి వచ్చి నిలబడింది. "రాచబిడ్డా, నా కొడుకు తల ఏ దిక్కుకు పెట్టినావు?"

"ఉత్తరానికమ్మా. గడ్డి వైపు."

"ముఖం మీద రాయి పెట్టినావా?"

"పెట్టలేకపోయాను. నా పైగుడ్డ కప్పి, దాని మీద మట్టి పోశాను."

జూలమ్మ తలాడించింది. నెమ్మదిగా గాడుపు దగ్గరికి నడిచి, "వంగు నాయనా," అంది. వాడు వంగకపోతే ఆమే రెండు చేతులతో ఆ తలను దగ్గరికి తీసుకుని తన మెడవంపులో ఆనించుకుంది. జూలులో వేళ్ళు పెట్టి ఒకసారి చిక్కు తీసింది. ఆ తరువాత నోరు తెరిచింది.

ఆ ఏడుపు విన్నవాళ్ళు ఆ తరువాత ఎంత కాలం బతికినా దాన్ని మరిచిపోలేదు. "ఓ నా గాడుపూ! ఎదురుగాలిలో పుట్టినోడా, నిలబడలేక పడి పడి లేచినోడా! కుంటోడంటే కోపం తెచ్చుకోని నా కొడుకా! రాళ్ళ కింద పండుకున్నావా నాయనా, నీ తల్లి బతికుండంగనే పండుకున్నావా!"

"అమ్మా, ఏడవగాకు," అన్నాడు వాడు గాడుపు గొంతుతో. "నేను వచ్చినాను గదా. అమ్మా, నన్ను చూడు. ఏడవగాకమ్మా!"

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని మరింత పెద్దగా ఏడ్చింది. వాడు గింజుకున్నాడు. ఆమె వదల్లేదు. ఆ కంచువన్నె చర్మం తడిసిన గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలసాగింది. రాగి పోగు బూడిదైంది. గిట్టలు కరిగి సన్నటి మనిషికాళ్ళు బయటపడ్డాయి. చివరికి జూలమ్మ చేతుల మధ్య మిగిలింది పసుపుపచ్చని గుండ్రటి కళ్ళు, పిట్ట ముక్కులాంటి మూతి ఉన్న బక్కమనిషి. ఎండ సోకగానే వాడు కీచుమన్నాడు.

జూలమ్మ వాణ్ణి విడిచి, వెనుతిరిగి, రెండు కాళ్ళూ లేపి ఒక్క తాపు తన్నింది. ఘూకాక్షుడి భుజం విరిగిన చప్పుడు కొండల్లో మారుమోగింది. వాడు ఇసుకలో దొర్లి, పాకి, సందు నీడలోకి దూరి, సన్నగా ఈల వేశాడు. లోపల నుంచి ఇనపవలలు ఈడ్చుకొస్తున్న చప్పుడు బదులు పలికింది.

మందలో ఒకరి తరువాత ఒకరు ఏడుస్తున్నారు. ఈ నడకలో పోయినవాళ్ళందరూ ఆ క్షణాన ఒక్కసారిగా చచ్చిపోయారు. నడక తెగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక రేచయ్య రాయి మీదే నిలబడిపోయాడు.

"పిలుపు ఎత్తు, రేచయ్యా," అంది జూలమ్మ ముఖం తుడుచుకోకుండానే. "కొత్త నడక ఎత్తు. బోడిమిట్ట మీదికి పోండి. దుమ్ము లేచిందంటే మీ జాడ ఎవురికీ దొరకదు. దుమ్ము లేచేదాకా నేను ఈ కనుమ మూతి కాస్తా."

"జూలమ్మా, నిన్నిడిచి..."

"నా పేరు తీయగాకు. కట్టుబాటు నీకు నేను చెప్పాల్నా?"

ముసలివాడు గట్టిగా పేర్లు పిలిచాడు. ఏడుస్తూనే గిట్టలు కొట్టారు, ఏడుస్తూనే పలికారు. ఎప్పుడూ మొదట పిలిచే పేరు దగ్గర రేచయ్య పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. తరువాత మంద పడమటికి తిరిగి మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పోతూ పోతూ ఎవరో యువరాజు కట్లు కోసేశారు.

"నువ్వు కూడా పో నాయనా," అంది జూలమ్మ.

"మిమ్మల్ని గడ్డి మీదికి చేరుస్తానని మీ అబ్బాయికి ఒట్టు పెట్టానమ్మా," అని తరుణకేతుడు నడుమునున్న కత్తి దూశాడు.

ఇనపముసుగుల భటులు సందులోంచి పొంగుకొచ్చారు. ముందువాణ్ణి జూలమ్మ గిట్ట, రెండోవాణ్ణి యువరాజు కత్తి పడగొట్టాయి. సందు ఇరుకు, ఒకేసారి నలుగురికి మించి రాలేరు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పడ్డారు. శవాల మీదుగా ఎక్కి మరికొందరు వచ్చారు. ఒక వల యువరాజు కత్తికి చుట్టుకుని లాగేసింది, ఒక గద అతని నెత్తిన పడింది. కళ్ళు బైర్లు కమ్మి, రాళ్ళ మధ్య పడిన శవాల గుట్టలోకి జారిపోయాడు. మిట్ట మీద మంద తోక ఇంకా కనబడుతూనే ఉంది. పడమట దుమ్ము ఇప్పుడిప్పుడే ఎర్రగా లేస్తోంది.

తెలివి వచ్చేసరికి అతని పక్కన ఒక భటుడు ముసుగు తొలగి చచ్చిపడున్నాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆ ముసుగు తగిలించుకున్నాడు, ఆ చొక్కా తొడుక్కున్నాడు, వాడి బాకు నడుమున దోపుకున్నాడు, లేచి నిలబడ్డాడు.

జూలమ్మ మీద వలల మీద వలలు పడి ఉన్నాయి. పక్కనే కొలిమి రాజుకుంది. వేలాడే భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఘూకాక్షుడు మిట్ట వైపు చూసి పళ్ళు కొరుకుతున్నాడు.

"మందను తరువాత పడతాం. ముందు దీనికి నాడాలు కొట్టండి. దీని నోరు మూయించండి!"

ఎందుకంటే ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది. కొడుకు కథంతా ఏకరువు పెట్టి ఏడుస్తోంది. లావుపాటి కమ్మరి సుత్తి తీసుకుని చుట్టూ చూశాడు.

"ఒరే, నిన్నేరా! గుడ్లప్పగించి చూస్తావేం? వచ్చి కాలు పట్టు!"

పిలిచింది తరుణకేతుణ్ణే. అతని చెయ్యి నడుముకున్న బాకు మీదికి పోయింది. ఒక్క పోటుతో కమ్మరిని పొడవగలడు. ఆ తరువాత? చుట్టూ భటులు, వాళ్ళ వెనక గుర్రాలు. మిట్ట మీద దుమ్ము ఇంకా పూర్తిగా కప్పలేదు. ఇక్కడి పని ఎంత త్వరగా ముగిస్తే భటులు అంత త్వరగా మిట్ట ఎక్కుతారు. జూలమ్మ తల తిప్పి ముసుగు కంతల్లోంచి అతని కళ్ళలోకి చూసింది. గుర్తుపట్టింది. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఏడుపు అందుకుంది, ఈసారి నిదానంగా, ఒక్క మాట కూడా వదలకుండా.

అతను వంగి కాలు పట్టుకున్నాడు.

మొదటి నాడా దిగింది. ఆమె కథలోంచి మనుషుల పేర్లు పోయాయి. "వాడు పుట్టినప్పుడు చూసేదానికి వచ్చిరి... వాళ్ళు... అందరూ వచ్చిరి," అంది. రెండో నాడాతో వాగులూ దారులూ పోయాయి. మూడో నాడాకు మాటలు మూడు నాలుగుకు మించి కూడిరాలేదు. "చిన్నోడు. కాలు ఈడుస్తాడు. నవ్వుతాడు." తరుణకేతుడి ముసుగు లోపలంతా తడిసిపోయింది. చేతులు మాత్రం వదల్లేదు.

కమ్మరి నాలుగో నాడా మీద మేకు ఆనించాడు. జూలమ్మ అతని ముసుగు వైపు మొహం చాచి, వెతికి వెతికి, ఒక మాట పట్టుకుంది. "గాడుపు," అంది. "వాని పేరు గాడుపు. యాదిపెట్టుకో..."

సుత్తి పడింది.

ఆపై వచ్చింది సకిలింపు. ఆ సకిలింపుతో పాటే దుమ్ము విరుచుకుపడి మిట్టనూ ఆకాశాన్నీ కమ్మేసింది. మంద పోయిన జాడ ఏదీ మిగల్లేదు. ఘూకాక్షుడు తిట్లు లంకించుకుని, చివరికి చేసేది లేక కోటకు మళ్ళమన్నాడు. కమ్మరి ఒక పగ్గం తెచ్చి తరుణకేతుడి మీదికి విసిరాడు.

"ఇనపకోట దాకా నువ్వే నడిపించుకురా. జాగ్రత్త, కొత్తగా కొట్టిన జంతువు."

ఇన్నాళ్ళూ వెతికిన దారి ఇలా దొరికింది. తరుణకేతుడు పగ్గం పట్టుకుని సందులోకి నడిచాడు. ఆమె ఇనపగిట్టల చప్పుడు చేసుకుంటూ వెనకే వచ్చింది. దుమ్ములో ఎవరికీ ఎవరూ కనబడని చోట అతను ఆగి, ముసుగు ఎత్తి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "గాడుపు" అన్నాడు. ఆమె తల వంచి, మేత ఏమైనా ఉందేమోనని అతని అరచేతిని వాసన చూసింది.